పిలిస్తే వచ్చిన పుస్తకం

నీళ్ల రోజు

మడుల సంగతి రోజూ రాసిపెట్టమని చెప్పి పోయాడు ఆయన. నేను నాలుగో తరగతి దాకానే చదివాను, తప్పులు దొర్లితే నవ్వకూడదు అన్నాను. "నేను రెండోదే కదా మే. నవ్వాలన్నా చదువుండాల" అన్నాడు.

రాసుకోవడానికి తన వంతు దీపం కూడా నాకే వదిలి పోయాడు. ఎడమచేత్తో పిడి తిప్పుతుంటే వెలుగుతుంది, కుడిచేత్తో రాయాలి. పిడి ఆగితే అక్షరం సగంలో ఆగుతుంది. అందుకే నా రాత ఇట్లా ఎగుడుదిగుడుగా ఉంది.

ఈ రోజు మా వరసకు నీళ్లు వదిలారు. బిందెలు నింపుకొని, జేజికి తలకు పోసి, పుట్టగొడుగుల మడులన్నీ తడిపాను. జేజి అంటే ఆయన నాయనమ్మ. ఇంట్లో ఇప్పుడు మేమిద్దరమే. జేజి పైన, నేల మీద పుట్టిన మనిషి. పగటిపూట ఎండలో ఆడుకున్నానని చెబుతుంది. నాకు నమ్మబుద్ధి కాదు గానీ ఊ కొడతాను. ఇప్పుడైతే పగలు పైకి పోయిన మేక కూడా తిరిగి రాదు. ఎండ దిగాక కొర్ర కోసేవాళ్లు మాత్రం పైకి పోయి వస్తారు. వాళ్లు తెచ్చిన గడ్డి మీదే మా గొడుగులు లేస్తాయి.

మడులన్నిటికీ చివర, గోడవారన ఉండేది తల్లి మడి. దానిలోంచి చిటికెడు తెల్లదారం తీసి కొత్త గడ్డిలో పెడితే కొత్త మడి లేస్తుంది. గుహల్లోకి దిగిన ఏడాది జేజి కొంగున మూటగట్టి తెచ్చిన దారం అది. ఈ వరసలో సగం ఇళ్ల మడులకు అదే పుట్టిల్లు. అది చస్తే మాకు ఇక విత్తనం లేదు.

పైపుల పనికి బయలుదేరేటప్పుడు ఆయన ఆ మడి మీద చెయ్యి పెట్టి "చూసుకో" అన్నాడు. మడితో అన్నాడో నాతో అన్నాడో తెలియలేదు.

ఈ రోజు తల్లి మడి మూలన పచ్చటి మచ్చ కనబడింది, కందిగింజంత. గీకి పారేశాను.

దీపాల రోజు

వరసంతా దీపాలు వెలిగించే రోజు కాబట్టి మడి బాగా కనబడింది. కనబడకుండా ఉన్నా బాగుండేది. నిన్న గీకిన చోట అరచేయంత పచ్చబూజు. పక్కన చిన్నవి ఇంకా కొన్ని. మళ్లీ గీకాను. ఈసారి బాగా లోతుగా గీకాను.

జేజిని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాను. ఆమెకు చూపు ఆనదు. వంగి వాసన చూసింది.

"ఈ వాసన నా ఎరుకలో లేదు పాపా. లైబ్రరీని అడుగు."

నేను బిందెలు సర్దే వంకతో లేచాను.

"నీ గొంతుకు కార్డు పెట్టిచ్చినాడు కదా వాడు. ఎందుకు పెట్టిచ్చినాడు? సింగారానికా?"

లైబ్రరీ కార్డంటే ఇంటికొకటి. అది చేతిలో పట్టుకునేది కాదు, ఒక మనిషి గొంతును గుర్తుపెట్టుకునేది. పెళ్లయిన కొత్తలో, చదువు ఆపేసినందుకు బాధ ఉందా అని ఆయన అడిగితే, కొంచెం ఉంది అన్నాను. అంతే. ఆ వచ్చే పలుకు రోజున, అంటే మా వరస లైబ్రరీతో మాట్లాడే రోజున, నన్ను గోడలోని లైబ్రరీ జాలీ దగ్గరికి తీసుకుపోయి, కార్డులో తన గొంతు తీయించి నాది పెట్టించాడు. చీర పెట్టినట్టు పెట్టాడు. చీరైతే కట్టుకునేదాన్ని. దీన్ని మాత్రం ఒక్కసారి కూడా వాడలేదు.

ఎందుకంటే ఆ జాలీ నాలుగు దారులు కలిసేచోట ఉంది. అక్కడ గుసగుసలాడినా గుహంతా వింటుంది.

పలుకు రోజు

పోయాను.

మా వరసవాళ్లంతా బారుగా నిలబడి ఉన్నారు. గోడలో ఇనుప జాలీ, దాని వెనక ఒక తీగ. ఆ తీగ ఎక్కడో అడుగున, చల్లగుహలో ఉన్న యూనివర్సిటీ లైబ్రరీ దాకా పోతుంది. మనం మాట్లాడితే అక్కడి కేటలాగు విని, ఏ పుస్తకం ఎక్కడుందో చెబుతుంది.

"చెప్పండి. ఏ పుస్తకం కావాలి?"

చెప్పాను.

"వినపడలేదు. కొంచెం గట్టిగా చెప్పండి."

మళ్లీ చెప్పాను.

"వినపడలేదు. కొంచెం గట్టిగా..."

నా వెనక నిలబడింది పక్కింటి ఓబులమ్మ వదిన. ఆమె గొంతుకు జాలీ అవసరమే లేదు. "ఓ కేటలాగమ్మా! మా పిల్ల సిగ్గరి. నువ్వే చెవి ఇంకొంచెం ముందుకు పెట్టుకో!" అని అరిచింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో కలిసిపోతుందని ధైర్యం చేసి నేనూ అరిచాను.

"మా తల్లి మడి ఆరోగ్యం బాగలేదు!"

అప్పుడే నవ్వులు ఆగాయి.

"తల్లి ఆరోగ్యం," అంది కేటలాగు. "ఈ విషయం కింద చాలా పుస్తకాలున్నాయి. గర్భిణుల ఆహారం. ప్రసవానికి ముందు జాగ్రత్తలు. బాలింత సంరక్షణ..."

"ఏమ్మే! మాకు చెప్పకుండా దానికి చెప్తివా?" అంది ఓబులమ్మ వదిన. వెనకనుంచి ఎవరో బెల్లం ముక్క కూడా అందించారు. కాదు కాదని చేతులు ఊపాను. నా ముఖం ఎర్రబడటం ఎవరికీ కనబడలేదు. చీకటితో ఉన్న సుఖం అదొక్కటే.

ఆ పైన కేటలాగు నేర్పించింది. ఒక్కో మాటా విడిగా చెప్పాలట. విషయం ఏమిటని అడిగితే పుట్టగొడుగులు అన్నాను. లెక్కలేనన్ని ఉన్నాయంది. తెగుళ్లు అన్నాను. తగ్గాయి. ఏ భాష అంటే తెలుగు అన్నాను. ఇంకా తగ్గాయి. అచ్చు పుస్తకమా, ఇ-పుస్తకమా అని అడిగింది. అచ్చు పుస్తకాలు అక్కడి అల్మారాల్లోనే ఉంటాయి, మనిషి పోయి చూడాలి. ఇ-పుస్తకమైతే తీగ వెంట వచ్చి మనం చెవిలో పెట్టుకునే గింజలో కూర్చుంటుంది, తనే చదివి వినిపిస్తుంది. ఇ-పుస్తకం అన్నాను. మిగిలినవన్నీ పైన షెడ్లలో పెంచేవాటి గురించే. "కిటికీలు తెరిచి ఎండ తగలనివ్వండి" అని ఉంది వాటిలో. చివరికి, గుహలు అన్నాను.

ఒక్కటి మిగిలింది. చేటలో రాళ్లన్నీ ఏరిపారేసి, ఆఖరికి నా గింజ నాకు దొరికినట్టు అనిపించింది.

"‘గుహమడుల తెగుళ్లు, నివారణ.’ ఇ-పుస్తకం. ఒకటే ప్రతి. ప్రస్తుతం ఒక పాఠకుడి దగ్గర ఉంది."

నేను అట్లాగే నిలబడిపోయి ఉంటే, జాలీలోంచి మనిషి గొంతు వచ్చింది. లైబ్రేరియన్ షేక్షావలి సారు. మంచి గొంతు, వయసైన గొంతు.

"ఏమ్మా, అర్జెంటా?"

"మడి చచ్చిపోతాంది సార్."

"ఇ-పుస్తకమే గానీ ఒకరి దగ్గరుంటే ఇంకొకరికి పోదమ్మా. పాత తాళం అది. తాళమేసినోళ్లు పైనే పోయినారు, తాళం మాత్రం మాతో పాటు దిగొచ్చింది. వెనక్కి పిలిపిద్దాం. కానీ నువ్వే పిలవాల. యంత్రం అడిగితే ఎవరూ తిరిగి ఇయ్యట్లేదు. అడిగే మనిషే తన గొంతుతో పేరు పెట్టి పిలిస్తే, ఆ పిలుపు వాళ్ల చెవి గింజలో వినిపిస్తుంది. అప్పుడు సిగ్గుపడి ఇస్తాండారు. పేరు చెప్తా, పలుకు."

చెప్పాడు.

మా ఆయన పేరు.

నాలుగు దారుల్లోనూ దగ్గు కూడా వినపడలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకొని ఇంటికి వచ్చేశాను.

గాలి రోజు

పెద్ద ఫ్యాన్లు తిప్పే రోజు. కొత్త గాలి తగిలితే మంచిదని తల్లి మడిని ఫ్యాను గాలి వచ్చే వైపుకు జరిపాను. సాయంత్రానికి బూజు పక్క మడి మీదికి కూడా దూకింది. గీకీ గీకీ నా గోళ్ల కింద పచ్చగా అయిపోయింది.

పుస్తకం ఆయన దగ్గర ఎందుకుంది? చెవిలో గింజ పెట్టుకొని పడుకోవడం చూశాను గానీ, పాటలు వింటున్నాడేమో అనుకున్నాను. కార్డు నా గొంతుకు మారినా, అంతకుముందు తీసుకున్న పుస్తకం ఆయన గొంతు మీదే ఉండిపోయినట్టుంది.

పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమంటే, ఏడ్చానే గానీ చెప్పలేదు. వాళ్లకే జాలేసి దారి వదిలారు. ఇంట్లో ఉన్న మనిషి పేరు పలకడమే సిగ్గు. ఇల్లు విడిచి గుహదారుల్లో ఉన్న మనిషి పేరు పలకడం సిగ్గుతో పోయేది కాదు, తప్పు.

"ఎందుకు పలకకూడదు జేజీ? అందరూ తప్పు తప్పంటారు. ఎందుకో చెప్పరు" అని అడిగాను.

జేజి కాళ్లు చాపుకొని కూర్చుంది. "మేము దిగిన కొత్తల్లో ఒకామె నాలుగు దారుల కాడ నిలబడి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచె. గుహ ఆ పిలుపును నాలుగు దిక్కులకూ ఇసిరె. ఆయప్పకు యాడ వినపడిందో అటే నడిచె. అటు ఎండిపోయిన బావి ఉండె."

నేను దీపం తిప్పడం ఆపేశాను.

"చీకట్లో మగోడు ఎవరి మాటా నమ్మడు మే. తోటి పనోడు పిలిచినా తడుముకొని తడుముకొని వస్తాడు. పెండ్లాం పిలిస్తే మాత్రం ఆలోచన చెయ్యడు, అడుగేస్తాడు. అందుకే పెట్టినారు ఈ కట్టు."

"మరి నువ్వు తాతను ఎట్లా పిలిచేదానివి?"

"దగ్గేదాన్ని. మీ తాత పోయేనాటికి నాకు నిజం దగ్గే పట్టుకునె."

ఎరువు రోజు

తల్లి మడిలో సగం పచ్చ. మిగిలిన సగంలో తెల్లదారం సన్నబడిపోయింది. ఎరువు పంచేవాళ్లు వచ్చి చూసి, మా ఇంటి గంప తీసుకోకుండానే పోయారు. మా గడ్డి తగిలితే వాళ్ల ఎరువు చెడుతుందట. తప్పు పట్టలేను.

ఓబులమ్మ వదిన గుమ్మం బయటే నిలబడి తొంగి చూసింది. ఆమె మడులు కూడా ఈ తల్లి పిల్లలే. ఎగతాళి చేయలేదు. అది చూసి ఎక్కువ భయమేసింది.

నీళ్ల రోజు

మడికి నీళ్లు పోయాలా వద్దా తెలియలేదు. సగం బిందె పోసి, సగం ఉంచుకొని కూర్చున్నాను. రాయడానికి ఇంకేమీ లేదు.

పలుకు రోజు

నిన్న దీపాల రోజు రాయలేదు. మడి చూస్తే రాయబుద్ధి కాలేదు. ఈ రోజు మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆయన చదివితే చదవనీ.

పేరు పలకకుండా పని జరిపించాలని ముందే ఆలోచించుకొని పోయాను.

"వెనక్కి పిలవాల్సిన పాఠకుడి పేరు చెప్పండి," అంది కేటలాగు.

"మా ఆయన."

"‘మా ఆయన’ అనే పేరుతో పాఠకులు లేరు."

"జేజి మనవడు."

"‘జేజి మనవడు’ అనే పేరుతో పాఠకులు లేరు."

"పైపుల పనికి పోయినాయన. ఎడమ కనుబొమ మీద గాటుంటుంది. సంగటి చల్లారితే తినడు."

"ఆ పేరుతో పాఠకులు లేరు."

"జరుగు మే, నేను పిలుస్తా. నాకు తమ్ముని వరసే కదా" అని ఓబులమ్మ వదిన ముందుకొచ్చి, గొంతు పీలగా చేసుకొని, నాలాగే నసిగి నసిగి ఆయన పేరు పలికింది. అచ్చం నాలాగే ఉంది. నాకే అనుమానమొచ్చింది.

"ఇది కార్డు గొంతు కాదు," అంది కేటలాగు. "ఇది పెద్ద వయసు గొంతు."

"దీని తీగ తెగ!" అంది వదిన.

షేక్షావలి సారు నవ్వు ఆపుకుంటూ లైన్లోకి వచ్చాడు. చల్లగుహలో ఈ కట్టు లేదట. ఆయన భార్య ఆయన్ని పేరు పెట్టే పిలుస్తుందట, అది కూడా కోపమొచ్చినప్పుడు ఇంటిపేరుతో కలిపి. నేను బావి సంగతి చెప్పాను. ఆయన నవ్వు పోయింది. 

"అది గాల్లో పిలిచిన పిలుపమ్మా. ఇది తీగలో పోయేది. ఆయన రెండు చెవుల నడుమ మోగుతుంది. దానికి ముందూ వెనకా ఉండదు. దిక్కులేని పిలుపుకు ఏ వైపుకని తప్పిపోతాడు?"

వెనక కర్ర చప్పుడైంది. జేజి. ఇంటి నుంచి ఒక్కతే తడుముకుంటూ వచ్చింది. భుజం మీద మా పెద్ద బొంత.

"మడి నాది, మనవడు నావోడు" అంది అందరికీ వినబడేట్టు. "పిలువు మే. గుహ చెవిన పడకుండా నేను చూసుకుంటా."

బొంతను నా తల మీదుగా జాలీ మీద కప్పింది. లోపల ఊపిరాడలేదు. ఇనుము వాసన, పాత దూది వాసన. బొంత అంచు సందులోంచి చూస్తే, ఎవరిదో దీపం మసక వెలుగులో, వరసలో నిలబడినవాళ్లంతా గోడవైపు తిరిగి రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుంటున్నారు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు. ముసలివాళ్లు కూడా. ఓబులమ్మ వదిన మాత్రం ఒక చెవే మూసుకుంది.

"ఒకటి చెప్తాండా" అంది జేజి బొంత బయటనుంచి. "తీగలో పోయినా గాల్లో పోయినా పిలుపు పిలుపే. తర్వాత నన్నడగొద్దు."

పలికాను.

"వినపడలేదు. కొంచెం గట్టిగా చెప్పండి."

ఆ కేటలాగుకు మొగుడు లేడు, దానికేం తెలుస్తుంది! కళ్లు మూసుకున్నాను. పచ్చబూజు పట్టిన మడి మీద ఆయన చెయ్యి పెట్టినట్టు కనబడింది. గొంతెత్తి పిలిచాను. పెళ్లయినప్పటి నుంచి నోట్లో దాచుకున్న పేరు ఒక్కసారే బయటికొచ్చింది. బెల్లం నమిలినట్టు నాలుకంతా తీపి.

"పిలుపు అందింది," అంది కేటలాగు.

గాలి రోజు

పుస్తకం రాలేదు. షేక్షావలి సారు నా గింజలో మాట్లాడాడు.

"ఏందో విచిత్రంగా ఉందమ్మా. తిరిగిస్తా అని ఒక్క మాట చెప్తే చాలు, రెప్పపాటులో నీ చెవిలో ఉండాల. కేటలాగు మాత్రం ‘దారిలో ఉంది’ అని చూపిస్తాంది. పొద్దున అవుకు జాలీ కాడ. ఇప్పుడు కొలిమిగుండ్ల జాలీ కాడ. ఇ-పుస్తకం నడిచి రావడం నా సర్వీసులో చూళ్లేదు."

చెంబు పక్కన పెట్టేసి జేజి దగ్గరికి పోయాను.

కొలిమిగుండ్ల పాత సొరంగం ఇటువైపుదే. ఆయన పనిచేసే చోటు నుంచి మా ఇంటికి రావాలంటే ఆ దారే.

"జేజీ, పుస్తకం పంపమని కదా నేను పిలిచింది!"

జేజి రొట్టె నమలడం ఆపలేదు. "పుస్తకమని నువ్వు అనుకుంటివి. వాడు యాడ అనుకున్నాడు?"

ఎరువు రోజు

ఈ రోజు ఏ జాలీ దగ్గరా కనబడలేదట.

కొలిమిగుండ్ల దాటాక దారి చీలుతుంది. ఒక చీలిక కూలిపోయి చాలాకాలమైంది. ఇంకోటి నీళ్లెండిన పాత బావుల పక్కనుంచి వస్తుంది. షేక్షావలి సారు గొంతులో కూడా మార్పు వచ్చింది. నడుమ జాలీలు పాడైపోయి ఉండొచ్చు, భయపడొద్దు అన్నాడు. సారు భయపడుతున్నాడని అప్పుడే తెలిసింది నాకు.

మడి వైపు పోలేదు. అది ఉంటే ఎంత, పోతే ఎంత. గుమ్మం దగ్గరే కూర్చొని దీపం పిడి తిప్పుతున్నాను. ఎవరైనా దూరం నుంచి చూస్తే వెలుగు కనబడుతుంది కదా. పిలవను. ఇంక ఎప్పుడూ పిలవను. ఎడమచెయ్యి లాగేస్తుంటే కుడిచేత్తో తిప్పుతాను, అందుకే ఇది ఇక్కడితో ఆపుతున్నా

నీళ్ల రోజు

నిన్నటి వాక్యం సగంలో ఆగింది. పిడి ఆగలేదు. మనిషి వచ్చాడు.

ముందు అడుగుల చప్పుడు. ఎడమ కాలు కొంచెం ఈడ్చే అడుగు. తర్వాత దుమ్ము. ఆ దుమ్ము లోపల ఆయన.

"ఏమైంది మే? ఎవరికేమైంది? జేజికా?"

"నీ జేజి రాయి లెక్కన ఉండాది లేరా" అంది లోపల్నుంచి జేజి.

"మరి ఏంటికి పిలిస్తివి?"

 "పుస్తకం" అన్నాను.

"ఏం పుస్తకం?"

"నీ చెవిలో ఉంది కదా. అది పంపమని."

నిలబడి చూశాడు నన్ను. తర్వాత చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నీ గొంతు తర్వాత ఆ యంత్రం ఏందో చెప్పె. నేను ఇనలే. నువ్వు పేరు పెట్టి పిలిస్తివి. వచ్చినా."

"మేస్త్రీ ఊరుకునెనా?"

"పెండ్లాం పేరు పెట్టి పిలిచిందన్నా. రొట్టెలు కట్టిచ్చి తొందరగా పో అనె."

నేను ఏడుస్తుంటే, జేజి "మడి సంగతి చూసి ఏడ్చుకోండి ఇద్దరూ" అంది.

పుస్తకమున్న గింజ ఒకటే, వినేవాళ్లం ఇద్దరం. ఆయన గింజను ఖాళీ కుండలో వేశాడు. కుండ మూతి మీద ఇద్దరం తలలు ఆనించి కూర్చున్నాం. ఆయన జుట్టులో సొరంగం మట్టి వాసన.

"మీరు ఆపిన చోటు నుంచి వినిపించమంటారా?" అంది కుండ. "పదకొండో అధ్యాయం. వెచ్చని గుహల్లో పాలగొడుగులు."

ఆయన చటుక్కున తల ఎత్తాడు.

పాలగొడుగులు మా పుట్టింటి వైపువి. మా గుహ వెచ్చన, అక్కడ పాలలా తెల్లగా లేస్తాయి. ఇక్కడ చలికి రావు. వాటి పులుసు తిని ఏడాదైందని ఒకసారి అన్నట్టున్నాను, రొట్టె చేస్తూ, ఎవరితోనూ కాకుండా.

"తెగుళ్ల అధ్యాయం పెట్టు" అన్నాడు కుండతో, గట్టిగా, అవసరం లేనంత గట్టిగా.

పెట్టింది. పచ్చబూజును గీకకూడదట. కదిపితే దాని పొడి గాలిలో లేచి మిగతా చోట్ల పడుతుందట. ముట్టుకోకుండా తడిగుడ్డ మెల్లగా కప్పి, గుడ్డ మీద ఉప్పు మందంగా పోయాలి. ఫ్యాను గాలి సూటిగా తగలనివ్వకూడదు. నేను వరసగా అన్నీ తప్పులే చేశాను. ఆయన నా గోళ్ల కింది పచ్చదనం చూసి, నా వేళ్లను నీళ్ల చెంబులో ముంచి, ఒక్కో గోరూ తనే కడిగాడు.

ఉప్పు ఇంట్లో అంత లేదు. జేజి తన ఊరగాయ జాడీ బోర్లించి, పైనుంచి తెచ్చుకున్న రాళ్లుప్పు మూట బయటికి తీసింది. ఓబులమ్మ వదిన ఒక గిన్నె తెచ్చింది. తర్వాత వరసలో ఒక్కొక్కరే గుప్పెడు గుప్పెడు తెచ్చి గుమ్మంలో పోసి పోయారు. కూరలు ఎట్లా తింటారో ఈ వారం.

గాలి రోజు

మడి చుట్టూ ఆయన పాత పంచె అడ్డం కట్టాడు, గాలి తగలకుండా. నేను రాసినవన్నీ కుదురుగా కూర్చొని చదివాడు. నవ్వలేదు. ‘సంగటి చల్లారితే తినడు’ దగ్గర మాత్రం ఆగి, "ఇది గూడా కేటలాగుకు చెప్పినావా?" అన్నాడు.

దీపాల రోజు

ఆయన మళ్లీ పనికి పోయి చాలా రోజులైంది. పోయేటప్పుడు, "పుస్తకం నీకాడ్నే ఉండనీ. కావాలంటే నేనే పిలుస్తా" అన్నాడు. ఏదో మాటవరసకు అన్నాడనుకున్నాను.

ఈ రోజు వెలుగులో గుడ్డ తొలగించి చూశాం. పచ్చ ఉన్నచోట నల్లగా ఎండి ఉంది. గోడవారన, జేజి వేలు పెట్టి చూపించిన చోట, సాలెపోగంత తెల్లదారం. జేజికి కనబడదు. వాసనతో పట్టింది. "బతికింది" అంది. ఓబులమ్మ వదిన వరసంతా చెప్పి వచ్చింది.

పలుకు రోజు

అధ్యాయాలన్నీ అయిపోయాయి, ఇంకో పుస్తకం అడుగుదామని జాలీ దగ్గర నిలబడ్డాను. ఈమధ్య నాకు రెండోసారి చెప్పే పని పడటం లేదు. నేను నోరు తెరవకముందే కేటలాగు మాట్లాడింది.

"మీ దగ్గరున్న పుస్తకానికి వెనక్కి పిలుపు వచ్చింది. పైపుల పనివారి ఉమ్మడి కార్డు నుంచి. పిలుపు వినండి."

ముందు ఒక దగ్గు వినబడింది. సవరించుకున్న గొంతు. ఇంకో దగ్గు. ఆ తర్వాత, ‘మే’ కాదు, ‘ఇదిగో’ కాదు:

"సుంకులమ్మా."

పెళ్లయ్యాక ఈ వరసలో నా పేరు ఎవరూ పలకలేదు. కోడలా అంటారు, పాపా అంటారు. నాలుగు దారులూ నా పేరును అందుకొని, అటు విసిరి, ఇటు విసిరి, చాలాసేపు ఆడుకున్నాయి.

"అయ్యో! ఒక చెవైనా మూసుకోకపోతిని" అంది ఓబులమ్మ వదిన.

షేక్షావలి సారు లైన్లోకి వచ్చాడు. "అమ్మా, అది ఇ-పుస్తకం. గుర్తుంది కదా? తిరిగిస్తా అని ఒక్క మాట అంటే ఇక్కణ్ణించే పోతుంది."

"తెలుసు సార్" అన్నాను. నా గొంతు నాకే వినబడింది. "దారిలో ఉందని రాసుకోండి."

ఓబులమ్మ వదిన వాళ్లాయన రొట్టెల బండితో అటే పోతున్నాడు. మడి జేజి చూసుకుంటుంది, వాసనతో. ఉప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. గింజ చెవిలో పెట్టుకున్నాను. తల్లి మడి దారం చిటికెడు తీసి కొంగున ముడేసుకున్నాను. పైపుల సొరంగం వెచ్చగా ఉంటుందట. పదకొండో అధ్యాయం పాలగొడుగుల సంగతి కూడా అక్కడే చూస్తాం.

ఈ కాగితాలు జేజి దిండు కింద పెట్టి పోతున్నాను. పోయేముందు ఒకటి రాస్తాను. రాసిన పేరును గుహ వినదు కదా, ఎటూ విసరదు కదా.

మద్దిలేటీ, వస్తాండా.